ఎంట్రీ లెవెల్ రోడ్ బైక్: కొనే రోజు నుంచి చైన్ మార్చే రోజు దాకా

చవక రోడ్ బైక్ (వంపు హ్యాండిల్, సన్నటి టైర్లు ఉండే గేర్ల సైకిల్) కొన్నవాళ్ళ ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. సీటు గుచ్చుతోంది, చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, గేర్ పడేటప్పుడు టకటకమంటోంది, బ్రేక్ పట్టడం లేదు, గతుకుల మీద ఒళ్ళు హూనమవుతోంది. వెంటనే అందరి చూపూ ఇంకో ఖరీదైన బైక్ మీదకి పోతుంది. కానీ వీటిలో చాలావరకు బైక్ తప్పు కాదు, సెట్టింగ్ తప్పు. అదే సెట్టింగ్‌తో పది రెట్లు ఖరీదున్న బైక్ ఎక్కినా ఆ సీటు అలాగే గుచ్చుతుంది. అందుకే ఇక్కడ పార్టుల గురించి తక్కువ, సర్దుకోవడం గురించి ఎక్కువ రాస్తున్నాను.

1. కొనేటప్పుడు

అన్నిటికంటే ముందు సైజు. ఆఫర్‌లో ఉంది కదా అని ఒక సైజు పెద్ద ఫ్రేమ్ తెచ్చుకుంటే తర్వాత ఎన్ని పార్టులు మార్చినా అది మీకు కుదరదు. ఫ్రేమ్ మీద 52, 54, 56 అని రాసే నంబర్లను ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది కాబట్టి వాటిని పట్టుకుని పోల్చకండి. కంపెనీ ఇచ్చే జామెట్రీ పట్టికలో స్టాక్, రీచ్ అనే రెండు కొలతలు చూడండి. పెడల్ ఇరుసు (రెండు పెడల్ చేతులూ ఫ్రేమ్‌లో తిరిగే ఇరుసు) మధ్య నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ఫ్రేమ్ ముందు గొట్టం) పైఅంచు ఎంత ఎత్తులో ఉందో చెప్పేది స్టాక్, ఎంత ముందుకు ఉందో చెప్పేది రీచ్. మొదటి రోడ్ బైక్‌కి స్టాక్ కాస్త ఎక్కువ, రీచ్ కాస్త తక్కువ ఉంటేనే నడుముకి హాయి. "ఎండ్యూరెన్స్" అని పేరు పెట్టి అమ్మేవి సాధారణంగా ఇలాంటివే. రెండు సైజుల మధ్య తేల్చుకోలేకపోతే నేనైతే చిన్నదే తీసుకోమంటాను, ఎందుకంటే చిన్న ఫ్రేమ్‌కి పొడవు స్టెమ్ (హ్యాండిల్‌ని బైక్‌కి కలిపే చేయి) వేసి సరిపెట్టుకోవచ్చు గానీ పెద్ద ఫ్రేమ్‌ని పొట్టి చేయడానికి అంత వీలుండదు.

తర్వాత చూడాల్సింది టైరుకి చోటు. కనీసం 28 మి.మీ. టైరు పట్టాలి, 32 పడితే ఇంకా మంచిది. ఎందుకో టైర్ల దగ్గర చెప్తాను.

ఇక గేర్లు. షిమానో కంపెనీ రోడ్ గేర్లలో టోర్నీ అంటే వెనక 7 గేర్లు, క్లారిస్ అంటే 8, సోరా 9, టియాగ్రా 10. ట్రెక్ డొమానే ఏఎల్ 2, స్పెషలైజ్డ్ అలే లాంటి పేరున్న బైకులు కూడా క్లారిస్‌తో వచ్చాయి కాబట్టి 8 గేర్లంటే చిన్నచూపు అక్కర్లేదు. లెక్క చూడండి: ముందు 50 పళ్ళు, వెనక 11 పళ్ళు, 28 మి.మీ. టైరు, నిమిషానికి 90 సార్లు పెడల్ తిప్పితే గంటకి 52 కి.మీ. వేగం వస్తుంది. చదును రోడ్డు మీద అంత వేగం ఎంతసేపు నిలబెట్టగలరో మీకే తెలుసు. అటువైపు ముందు 34, వెనక 32 వేసి నిమిషానికి 70 తిప్పితే గంటకి తొమ్మిదిన్నర కి.మీ., అంటే ఘాట్ రోడ్డు కూడా కూర్చునే ఎక్కొచ్చు. ఖరీదైన బైకుల్లో ఎక్కువ గేర్లుంటే ఈ రెండు చివరల మధ్య మెట్లు దగ్గరవుతాయి, తేడా ముఖ్యంగా అక్కడే.

అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటుంది: వెనక చక్రం మధ్యభాగానికి (హబ్) ఉన్న గేరు పళ్ళ చక్రాల గుత్తి ఏ రకం, ఫ్రీహబ్ అనే భాగం మీద ఎక్కే క్యాసెట్టా, హబ్‌కి మర తిప్పి బిగించే ఫ్రీవీలా? బాగా చవక బైకుల్లో ఫ్రీవీల్ ఉంటుంది. అందులో బేరింగు ఫ్రేమ్ అంచుకి దూరంగా, బాగా లోపలికి ఉండటంతో ఇరుసు మీద బరువు ఎక్కువ పడుతుంది. మనిషి బరువున్నా, రోడ్లు గతుకులైనా అది వంగే అవకాశం ఎక్కువ. అందుకని బడ్జెట్ కాస్త సాగితే క్యాసెట్ ఉన్నదానికే సాగించండి. కార్బన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే కవ) ఉంటే మంచిదే, లేకపోతే కొంపేమీ మునగదు.

సెకండ్ హ్యాండ్ అయితే హెడ్ ట్యూబ్ దగ్గర, అక్కడి నుంచి పెడల్స్ వైపు దిగే డౌన్ ట్యూబ్ కింద వేలితో తడిమి చూడండి. పెయింట్ ముడతలు పడినా, గీతలాంటి పగులున్నా అక్కడితో బేరం ఆపేయండి. సీట్ పోస్ట్ పైకీ కిందకీ కదలాలి, ఇరుక్కుపోయిందంటే అది పెద్ద తలనొప్పి. రిమ్ బ్రేక్ (చక్రం అంచుని ప్యాడ్లతో నొక్కి ఆపేది) బైక్ అయితే రిమ్ పక్కభాగం అరిగి గుంట పడిందేమో చూడాలి. పెడల్ ఇరుసు కింద సీరియల్ నంబరు చెక్కి ఉంటుంది, అది చెరిపేసి ఉంటే ఎంత చవకైనా వద్దు.

2. ఎక్కేముందు ఒక గంట

పెట్టెలో వచ్చిన బైక్‌ని బిగించి ఇచ్చారంటే సరిగ్గానే బిగించి ఉంటారని అనుకోకండి. ముందు ఫోర్క్ చూడండి: రిమ్ బ్రేక్ బైక్‌లో ముందు బ్రేకు ఫోర్క్‌కి ముందువైపే ఉండాలి, వెనకవైపు ఉంటే ఫోర్క్ తిరగేసి పెట్టారన్నమాట (ఇది మీరనుకున్నంత అరుదు కాదు). పెడల్స్ మీద ఎల్, ఆర్ అక్షరాలుంటాయి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, అంటే గడియారానికి ఎదురు దిక్కులో తిప్పితేనే బిగుస్తుంది. తెలియక బలవంతంగా తిప్పితే క్రాంకులో (పెడల్ చేయిలో) మర పాడైపోతుంది. రెండిటికీ మర మీద కొంచెం గ్రీజు రాసి మొదట చేత్తోనే ఎక్కించండి, సాఫీగా ఎక్కిందంటే దారి సరైనదే.

చక్రానికి క్విక్ రిలీజ్ ఉంటే దాని లివర్‌ని రెక్కల నట్టులా గుండ్రంగా తిప్పి బిగించకూడదు, మడిచి బిగించాలి. సగం మడిచేసరికి చేతికి గట్టిగా తగలడం మొదలవ్వాలి, పూర్తిగా మూసేసరికి అరచేతిలో అచ్చు పడాలి.

ముందు బ్రేకు పట్టి బైక్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిల్ కింద హెడ్‌సెట్ దగ్గర టకటక కదులుతోందంటే స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, పైమూత బోల్టుని ఆ కదలిక పోయేవరకే బిగించి, తర్వాత పక్క బోల్టులు బిగించాలి. ఈ వరుస మారిస్తే పని జరగదు. స్టెమ్ బోల్టులకి చాలావాటి మీద 5 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, ఎంత బలంతో బిగించాలో చెప్పే కొలత) అని రాసి ఉంటుంది. ఆ బలాన్ని కొలిచే చిన్న టార్క్ రెంచ్ ఒకటి కొనుక్కుంటే చాలా ఏళ్ళు పనికొస్తుంది.

3. మీ ఒంటికి సర్దుకోవడం

ఇక్కడ తొందరపడకండి, మిగతా అన్నిటికంటే ఎక్కువ లాభం ఇక్కడే ఉంది.

సీటు ఎత్తుతో మొదలుపెట్టండి. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, ఒక పుస్తకాన్ని కాళ్ళ మధ్య పైకి నొక్కి పెట్టి, నేల నుంచి పుస్తకం పైఅంచు దాకా కొలవండి. ఆ కొలతని 0.883తో గుణించండి. 80 సెం.మీ. వస్తే 70.6. పెడల్ ఇరుసు మధ్య నుంచి సీట్ ట్యూబ్ వెంబడి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం అదీ. దీన్ని మొదలుపెట్టడానికి మాత్రమే వాడండి. మడమని పెడల్ మీద పెట్టి కిందకి దించినప్పుడు కాలు నిటారుగా అవుతోందా అని కూడా చూడండి, అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు సరిగ్గా కొంచెం వంగి ఉంటుంది. ఆ తర్వాత మీ ఒళ్ళే చెప్తుంది: మోకాలు ముందువైపు నొప్పి వస్తే చాలాసార్లు సీటు కిందకి ఉన్నట్టు, మోకాలు వెనక లాగుతుంటే పైకి ఉన్నట్టు, తొక్కేటప్పుడు పిరుదులు అటూ ఇటూ ఊగుతుంటే ఖచ్చితంగా పైకి ఉన్నట్టు. మార్చినప్పుడల్లా 3 నుంచి 5 మి.మీ. మాత్రమే మార్చండి, మార్చి రెండు మూడు రైడ్లు చూడండి, పాత ఎత్తు దగ్గర సీట్ పోస్ట్ మీద టేపు ముక్క అతికించుకోండి. సీట్ పోస్ట్ మీద కనీస గీత ఒకటుంటుంది, అది బయటికి కనబడేంత పైకి లాగకూడదు.

సీటు దాదాపు సమతలంగా ఉండాలి. గుచ్చుతోందని ముక్కు బాగా కిందకి వంచేస్తే మనిషి ముందుకి జారుతూ బరువంతా చేతుల మీద మోపుతాడు, ఇక తిమ్మిర్లు తప్పవు. వంచాలంటే ఒక్క డిగ్రీ, మహా అయితే రెండు.

హ్యాండిల్ దూరమనిపిస్తే కొత్త పార్టులు కొనే ముందు ఉన్నవాటినే చూడండి. స్టెమ్ పైన స్పేసర్ రింగులుంటే కిందకి మార్చి హ్యాండిల్ ఎత్తు పెంచొచ్చు, స్టెమ్ తిరగేస్తే ఇంకొంచెం లేస్తుంది. బ్రేక్ లివర్ల రబ్బరు హుడ్స్ కిందకి వాలి ఉంటే మణికట్టు విరిచినట్టవుతుంది, అవి హ్యాండిల్ నుంచి నేరుగా సాగినట్టుండాలి. చాలా లివర్లకి లోపల చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే లివర్ హ్యాండిల్‌కి దగ్గరవుతుంది, చిన్న చేతులవాళ్ళకి దీంతో బ్రేకు మీద నమ్మకమే మారిపోతుంది. ఇవన్నీ చేశాక కూడా మోచేతులు బిగదీసుకుని తొక్కాల్సి వస్తుంటే అప్పుడు పొట్టి స్టెమ్ కొనండి.

సీటు మెత్తగా లేదని జెల్ కవర్ వేసుకునేవాళ్ళున్నారు. గంట దాటాక ఆ మెత్తదనమే కండని నొక్కుతుంది. బరువు మోయాల్సింది కూర్చునే ఎముకలు, కాబట్టి సీటు వెడల్పు వాటికి సరిపోవాలి. దాంతోపాటు ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వేసుకోండి, లోపల ఇన్నర్ వేర్ లేకుండా. కొత్తలో సిగ్గనిపిస్తుంది కానీ కుట్ల గీతలు ఒరుసుకుని పుండు పడటం కంటే అది నయం.

4. టైర్లు, గాలి

రోడ్ బైక్ అంటే సన్నటి టైర్లు, రాయిలా గాలి అనేది పాతకాలపు నమ్మకం. గరుకు రోడ్డు మీద గాలి ఎక్కువైతే టైరు ప్రతి గతుక్కీ బైక్‌ని పైకి ఎగరేస్తుంది, ఆ శక్తి మీ కాళ్ళ నుంచే పోతుంది. అదే వెడల్పు టైరులో కొంచెం తక్కువ గాలి ఉంటే గతుకుని టైరే మింగేస్తుంది. 70 నుంచి 75 కిలోల మనిషికి 25 మి.మీ. టైరులో సుమారు 80–85 పీఎస్ఐ, 28లో 70 దగ్గర, 32లో 55 దగ్గర నుంచి మొదలుపెట్టి చూడండి. ముందు టైరు మీద బరువు తక్కువ పడుతుంది కాబట్టి దానిలో ఐదు పీఎస్ఐ తగ్గించొచ్చు. టైరు పక్కన రాసి ఉండేది గరిష్ఠ పరిమితి, మీరు కొట్టాల్సిన గాలి కాదు. మరీ తగ్గిస్తే గుంటలో పడ్డప్పుడు ట్యూబు రిమ్‌కీ టైరుకీ మధ్య నలిగి పాము కాటులా రెండు బొక్కలు పడతాయి. అలా పడితే తర్వాతి సారి గాలి పెంచండి.

వాల్వ్ చాలావాటికి సన్నగా ప్రెస్టా రకం ఉంటుంది. కొనమీది చిన్న నట్టు వదులు చేసి, ఒకసారి వేలితో నొక్కి "టుస్" మనిపించి, అప్పుడు పంపు తగిలించాలి. సన్నటి టైరులో గాలి దానంతటదే తగ్గుతుంది కాబట్టి కనీసం వారానికోసారి మీటరున్న ఫ్లోర్ పంపుతో చూసుకోవాలి. బొటనవేలితో నొక్కి చూసి చెప్పే లెక్క ఇక్కడ పనికిరాదు.

5. గేర్లు, బ్రేకులు మీరే సరిచేసుకోవడం

కొత్త బైక్‌లో మొదటి కొన్ని వారాల్లో కేబుళ్ళు సర్దుకుని వదులవుతాయి, గేర్లు టకటకమనేది ఎక్కువగా అందుకే. వెనక డీరైలర్ (చైన్‌ని ఒక గేరు మీద నుంచి ఇంకోదాని మీదకి జరిపే భాగం) దగ్గర కేబుల్ లోపలికి వెళ్ళేచోట చేత్తో తిప్పే చిన్న అడ్జస్టర్ ఉంటుంది. గేరు పెద్ద చక్రం మీదకి ఎక్కడానికి మొరాయిస్తుంటే కేబుల్ వదులైనట్టు, అడ్జస్టర్‌ని వెనకనుంచి చూస్తూ గడియారానికి ఎదురు దిక్కులో పావు చుట్టు తిప్పి చూడండి. చిన్న చక్రం మీదకి దిగడానికి మొరాయిస్తుంటే గడియారం తిరిగే దిక్కులో పావు చుట్టు. బైక్ వెనక చక్రం పైకెత్తి, పెడల్ తిప్పుతూ, ఒక్కో గేరూ మారుస్తూ చేయాలి. హెచ్, ఎల్ అని రాసి ఉన్న స్క్రూలు వేరు, అవి డీరైలర్ రెండు చివర్లా ఎంత దూరం పోవాలో ఆపే హద్దులు. చైన్ స్పోక్స్‌లో పడుతున్నా, ఫ్రేమ్‌వైపు జారిపోతున్నా తప్ప వాటి జోలికి వెళ్ళొద్దు.

ఎంత తిప్పినా కొన్ని గేర్లు కుదిరి కొన్ని కుదరకపోతే డీరైలర్‌ని ఫ్రేమ్‌కి తగిలించే హ్యాంగర్‌ని అనుమానించండి. బైక్ కుడివైపు పడినప్పుడు ఫ్రేమ్ దెబ్బతినకుండా ముందు వంగేలా మెత్తటి అల్యూమినియంతో చేసిన ముక్క అది. వంగినదాన్ని సైకిల్ షాపులో గేజీతో సరిచేస్తారు. ఫ్రేమ్‌కి ఫ్రేమ్‌కి హ్యాంగర్ వేరుగా ఉంటుంది, మీ మోడల్‌ది ఒకటి అదనంగా కొని పెట్టుకోండి, తర్వాత దొరక్కపోవచ్చు.

రిమ్ బ్రేక్ ప్యాడ్ రిమ్ మీదే పడాలి, టైరుని తాకితే ఒక రోజు టైరు పేలుతుంది. చవక బైకులతో వచ్చే ప్యాడ్లు తరచూ గట్టిగా ఉంటాయి. మంచి రబ్బరు ప్యాడ్లు, స్పిరిట్‌తో తుడిచిన రిమ్ ఉంటే అదే బ్రేకు వేరేలా పట్టుకుంటుంది. డిస్క్ బ్రేక్ అయితే రోటర్ (చక్రం మధ్యన ఉండే లోహపు పళ్ళెం) మీద చైన్ ఆయిల్ పడకుండా చూసుకోండి, కొత్త ప్యాడ్లు వేసినప్పుడు ఖాళీ రోడ్డు మీద ఓ ఇరవై సార్లు వేగం తగ్గిస్తూ పోతే అవి కుదురుకుంటాయి.

6. రోడ్డు మీద

చాలా క్లారిస్ తరహా లివర్లలో కుడిచేతి బ్రేక్ లివర్‌నే లోపలికి నెడితే వెనక గేరు తేలికవుతుంది, దాని వెనకున్న చిన్న లివర్ నెడితే బరువవుతుంది. ఎడమచేతి పెద్ద లివర్ చైన్‌ని ముందు పెద్ద చక్రం మీదకి ఎక్కిస్తుంది. మార్చేటప్పుడు పెడల్ తిరుగుతూ ఉండాలి కానీ దాని మీద బలం తగ్గించాలి, ముఖ్యంగా ముందు గేరు మార్చేటప్పుడు. ఎత్తు మొదలయ్యాక మధ్యలో కాదు, మొదలవ్వబోతుండగానే మార్చేసుకోండి. ఆగబోయే ముందు కూడా తేలిక గేరులోకి వచ్చేయండి. ముందు పెద్దది, వెనక కూడా పెద్దది వేసి చైన్‌ని అడ్డంగా సాగదీసి తొక్కడం అలవాటు చేసుకోకండి.

బరువు గేరు వేసి తొక్కితే వ్యాయామం బాగా అవుతుందన్న భ్రమ మోకాళ్ళని తినేస్తుంది. నిమిషానికి 80–90 చుట్లు అలవాటు చేసుకోండి, మొదట్లో ఏదో ఉత్తినే గిరగిరా తిప్పుతున్నట్టనిపిస్తుంది, కొన్ని వారాల్లో కాళ్ళకే అర్థమవుతుంది.

ఆపే శక్తిలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. భయపడి వెనకది మాత్రమే వాడితే ఆగే దూరం బాగా పెరుగుతుంది. పిరుదులు కొంచెం వెనక్కి జరిపి, మోచేతులు వంచి, రెండూ కలిపి క్రమంగా పిండండి, ఖాళీ స్థలంలో ముందే సాధన చేయండి. దిగుడులో చేతులు డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపు) మీద పెట్టుకుంటే లివర్ మీద పట్టు ఎక్కువ. వానలో రోడ్డు మీది పెయింటు గీతలు, ఇనుప మూతలు సబ్బులా జారుతాయి, వాటి మీద తిరగడం, బ్రేకు కొట్టడం రెండూ వద్దు. రైలు పట్టాలు ఎప్పుడూ అడ్డంగానే దాటాలి. హెల్మెట్, ముందూ వెనకా లైట్ల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, ఒక్కటి తప్ప: గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ బయటికి బాగున్నా మార్చేయాలి.

గంటన్నర దాటే రైడ్లకి గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తినాలి. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే.

7. పంక్చర్

అదనపు ట్యూబు, రెండు టైర్ లివర్లు, చిన్న పంపు లేకుండా ఇంటి నుంచి దూరం వెళ్ళకండి. దారిలో ప్యాచ్ వేయడం కంటే ట్యూబు మార్చడమే సులువు, ప్యాచ్ ఇంటికొచ్చాక తీరిగ్గా వేసుకోవచ్చు. చక్రం తీసే ముందు చైన్‌ని అన్నిటికంటే చిన్న చక్రం మీదకి తెచ్చుకోండి. పాత ట్యూబు తీశాక టైరు లోపల మొత్తం జాగ్రత్తగా వేలితో తడమండి. ముల్లో గాజుముక్కో అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబు రెండు నిమిషాల్లో పోతుంది, రెండో పంక్చర్లకి మామూలు కారణం ఇదే. కొత్త ట్యూబుకి కొంచెం గాలి పెట్టి గుండ్రంగా చేసుకుని అప్పుడు లోపల పెడితే మెలిక పడదు. టైరు ఆఖరి భాగాన్ని చేతులతోనే ఎక్కించడానికి చూడండి, ఎదురువైపు టైరు అంచుని రిమ్ మధ్య లోతులోకి నొక్కుకుంటూ వస్తే ఆ కొంచెం వదులు దొరుకుతుంది. గాలి పూర్తిగా కొట్టే ముందు ట్యూబు ఎక్కడా బయటికి తొంగిచూడకుండా చూసుకోండి.

8. చైన్, ఆ తర్వాత డబ్బు ఎక్కడ పెట్టాలి

చైన్ తుడిచి, ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క ఆయిల్ వేసి, కాసేపు తిప్పి, పైన కనిపించే ఆయిలంతా గుడ్డతో తుడిచేయండి. ఆయిల్ పని చేయాల్సింది లోపల, పైన మిగిలింది మట్టిని పట్టుకుంటుంది. మామూలు డబ్ల్యూడీ-40 డబ్బా శుభ్రం చేయడానికి సరే, చైన్ ఆయిల్‌గా మాత్రం పనికిరాదు.

చైన్ అరుగుదల కొలిచే చిన్న గేజీ చవకే. 8 గేర్ల చైన్ 0.75 శాతం సాగగానే మార్చేయండి, బద్ధకిస్తే క్యాసెట్ పళ్ళు కూడా ఆ సాగిన చైన్‌కి తగ్గట్టు అరిగిపోయి, అప్పుడు కొత్త చైన్ వేసినా జారుతుంది, రెండూ కొనాల్సి వస్తుంది. చవక బైక్ ఉన్నవాళ్ళకి ఇక్కడో లాభముంది: 8 గేర్ల చైన్, క్యాసెట్ రెండూ 11, 12 గేర్లవాటి కంటే చాలా తక్కువ ధరకి వస్తాయి.

అప్‌గ్రేడ్ చేయాలని చేతులు దురద పెడితే ముందు టైర్లు మార్చండి, బైక్‌తో వచ్చే బరువైన గట్టి టైర్ల బదులు మెత్తటివి వేస్తే మొదటి రైడ్‌లోనే తేడా తెలుస్తుంది. తర్వాత బ్రేక్ ప్యాడ్లు, సీటు, బార్ టేప్. కేబుళ్ళు బరువెక్కితే కేబుళ్ళూ వాటి గొట్టాలూ కొత్తవి వేయండి, గేర్లు కొత్తవైనట్టుంటాయి. గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల పార్టుల సెట్) మొత్తం మార్చాలన్న ఆలోచన మాత్రం వదిలేయండి: షిఫ్టర్లు మారిస్తే డీరైలర్, క్యాసెట్, చైన్, ఒక్కోసారి క్రాంకు కూడా మార్చాల్సి వస్తుంది, విడివిడిగా కొంటే ఆ ఖర్చు అవే పార్టులున్న ఇంకో బైక్ ధరకి దగ్గరగా పోతుంది. అప్పటికీ సోరానో టియాగ్రానో కావాలనిపిస్తే ఆ బైక్‌నే కొనుక్కుని, దీనికి మడ్‌గార్డులు తగిలించి వానాకాలానికి ఉంచేసుకోండి.